ట్యాంకు అడుగున నీటి చుక్క

కాకినాడ నుంచి రాజమండ్రి వెళ్తుంటే రంగంపేట దాటాక మా 1978 అంబాసిడర్ ఆగిపోయింది. ఊళ్లో తిరిగినన్నాళ్లూ ఏ గొడవా లేదు. ఖాళీ రోడ్డు మీద స్పీడు అరవై దాటించిన కాసేపటికి రెండు మూడు సార్లు గింజుకుని ఇంజిన్ ఆరిపోయింది. బానెట్ ఎత్తి పది నిమిషాలు నిలబడి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు లేచింది. ఇంకో ఐదు కిలోమీటర్లకు మళ్లీ అదే తంతు. షెడ్డులో కార్బొరేటర్ విప్పి, పెట్రోల్ వెళ్లే సన్న బెజ్జం ఉన్న జెట్టును ఊది ఇచ్చారు. వారం బాగుంది. మళ్లీ ఊదారు. మూడోసారి "పంపు మార్చేద్దాం సార్" అన్నారు.

ఆ పది నిమిషాల విరామంలోనే జబ్బు గుట్టు ఉంది. పాడైన పంపు పది నిమిషాల్లో తనంతట తాను బాగుపడి, ఐదు కిలోమీటర్లకు మళ్లీ పాడవడం అరుదు. పెట్రోల్ ట్యాంకులోకి దిగిన గొట్టం చివర సన్నటి జాలీ ఉంటుంది. బావిలో మోటారు ఫుట్ వాల్వుకు నాచు పట్టినట్టు, స్పీడు పెరిగి పెట్రోల్ ఎక్కువగా లాగినప్పుడు అడుగున ఉన్న తుప్పు పొడి వచ్చి ఆ జాలీకి అతుక్కుంటుంది. ఇంజిన్‌కు పెట్రోల్ అందక ఆగిపోతుంది. లాగడం ఆగగానే పొడి జారి కిందపడుతుంది, దారి తెరుచుకుంటుంది. జాలీ దాటిన మెత్తటి పొడి జెట్టులోనో, కార్బొరేటర్‌లోకి పెట్రోల్ రాకను అదుపు చేసే ఫ్లోట్ చాంబర్ నీడిల్ వాల్వులోనో ఇరుక్కుంటుంది. జెట్లు ఇత్తడివి, వాటికి తుప్పు పట్టదు. అక్కడ దొరికే ఎర్ర పొడి ఎక్కడినుంచో కొట్టుకొచ్చిందే. కాబట్టి కార్బొరేటర్‌ను ఎన్నిసార్లు ఊదినా లాభం లేదు, ట్యాంకు దింపాల్సిందే.

పెట్రోల్ నిండిన డబ్బాలో తుప్పు ఎలా పడుతుందన్నది అందరికీ వచ్చే సందేహం. అడుగున నీళ్లు ఉంటాయి కాబట్టి. లీటరు పెట్రోల్ సుమారు 740 గ్రాములు, లీటరు నీళ్లు కిలో. అందుకే ట్యాంకులోకి చేరిన ప్రతి చుక్కా కిందికి దిగి, రెండు రేకులు కలిసే అతుకులో కూర్చుంటుంది. ఈ నీళ్లు గాలిలోని తేమ వల్ల వస్తాయని చాలామంది చెబుతారు. నేను లెక్క వేసి చూశాను. ట్యాంకులో 25 లీటర్ల ఖాళీ ఉండి, పగటికీ రాత్రికీ పది డిగ్రీల తేడా ఉంటే, లోపలి గాలి సాగి కుంచించుకోవడం వల్ల రోజుకు ఒక లీటరు కంటే తక్కువ బయటి గాలి లోపలికి వస్తుంది. 30 డిగ్రీల దగ్గర లీటరు గాలి మహా అయితే 30 మిల్లీగ్రాముల నీటి ఆవిరిని మోస్తుంది. అదంతా నీరుగా మారినా రోజుకు అర చుక్క, ఏడాదికి రెండు చెంచాలు. నెల రోజులు ఆగిన కారుకు ఇది పెద్ద ప్రమాదం కాదు, పదేళ్లు ఆగిన కారుకు మాత్రం ప్రమాదమే. ట్యాంకు మూత రబ్బరు ఎండి పగిలితే ఒక్క వానకే అంతకంటే ఎక్కువ నీళ్లు దిగుతాయి. నా అనుభవంలో అసలు దొంగ ఆ పావలా రబ్బరే.

పైన పెట్రోల్ ఉంటే కింది నీటికి గాలి తగలదు కదా అనుకుంటాం. నిజానికి ఆక్సిజన్ నీటిలో కంటే పెట్రోల్‌లోనే చాలా ఎక్కువగా కరుగుతుంది. అంటే పెట్రోల్ పొర గాలికి అడ్డు గోడ కాదు, నీటికి ఆక్సిజన్ అందించే వాహకం. ఇనుము, నీరు, ఆక్సిజన్ ఒకచోట కలిశాయి, ఇంకేం కావాలి? పైగా తుప్పు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది, పొరలుగా లేచిపోతుంది, కింద కొత్త ఇనుము బయటపడుతుంది. అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడ్ పొర లోహాన్ని కాపాడినట్టు ఇది కాపాడలేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. అడుగున మడ్డి పేరుకున్నచోట ఆక్సిజన్ తక్కువ, చుట్టుపక్కల ఎక్కువ. ఈ తేడా వల్ల ఒకే రేకు చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. ఆక్సిజన్ తక్కువ ఉన్నచోటే ఇనుము కరిగిపోతుంది. అందుకే మడ్డి కింద గుండ్రటి గుంటలు పడి, చివరికి సూది బెజ్జాలవుతాయి. ఆ కాలం ట్యాంకుల్లో చాలావాటికి లోపల సీసం, తగరం కలిసిన పూత ఉండేది. పూత ఉన్నంతకాలం రక్షణ ఉంటుంది, ఒకచోట చెదిరితే అక్కడ మొదలవుతుంది.

ఇప్పుడు ఇథనాల్ సంగతి కూడా చూడాలి. మన దేశంలో 2022 జూన్‌కల్లా పెట్రోల్‌లో 10 శాతం ఇథనాల్ కలిసింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం ఇథనాల్ ఉన్న ఈ20 ప్రారంభమై, 2025కల్లా దేశమంతటా వచ్చింది. ఇథనాల్‌కు నీళ్లంటే ఇష్టం. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్ సుమారు అర శాతం నీటిని, అంటే 50 లీటర్లలో పావు లీటరును, తనలో కలుపుకోగలదు. రోజూ తిరిగే కారుకు ఇది మేలే, నీళ్లు కాస్తా ఇంజిన్‌లో ఆవిరైపోతాయి. హద్దు దాటితే మాత్రం ఇథనాల్, నీళ్లు రెండూ పెట్రోల్‌ను వదిలి జట్టుగా అడుగుకు చేరతాయి. అప్పుడు రెండు చెంచాల చోట సీసాడు నీళ్లు. దీనికి తోడు ముప్పై ఏళ్లుగా గోడలకు అంటుకున్న పాత జిగురును ఇథనాల్ కరిగిస్తుంది, దానితో పట్టి ఉన్న తుప్పు పెచ్చులు రాలతాయి. "కొత్త పెట్రోల్ వచ్చాకే మా బండి పాడైంది" అనేవాళ్ల మాటలో కొంత నిజముంది. కాకపోతే తుప్పు ముందునుంచీ ఉన్నదే.

శుభ్రం చేసేముందు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం. గాలిలో పెట్రోల్ ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే పేలుతుంది. ఖాళీ అయిన ట్యాంకులో సరిగ్గా ఆ పాళ్లు కుదిరే అవకాశం ఉంది. బెజ్జం పూడ్చడానికి ట్యాంకును నేరుగా వెల్డింగుకు ఇవ్వడం ప్రాణాలతో ఆడుకోవడమే. నేను సబ్బు నీళ్లతో నాలుగుసార్లు కడిగి, రెండు రోజులు ఎండలో మూత తీసి పెట్టాను. పెచ్చులు రాల్చడానికి నట్లూ మేకులూ వేసి ఊపుతుంటారు, అవి లోపలి అడ్డు రేకుల మధ్య ఇరుక్కుపోతాయి. సన్నటి గొలుసు వేస్తే మళ్లీ మొత్తం బయటికి లాగొచ్చు.

తర్వాత 50 లీటర్ల గోరువెచ్చని నీటిలో 3 కిలోల నిమ్మ ఉప్పు కలిపి పోశాను. చింతపండు రాగి చెంబును తళతళలాడించినట్టే, నిమ్మ ఉప్పులోని సిట్రిక్ ఆమ్లం ఇనుప అయాన్లను చుట్టుకుని తుప్పులోంచి లాగేస్తుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఇంతకంటే వేగంగా పనిచేస్తుంది, కానీ మంచి ఇనుమునూ తినేస్తుంది. దాని క్లోరైడ్లు అతుకుల్లో మిగిలితే తుప్పు రెట్టింపవుతుంది. దాని జోలికి పోకపోవడమే మంచిది. ఫాస్ఫారిక్ ఆమ్లం సంగతి వేరు. అది తుప్పును తీస్తూ ఇనుము మీద ఫాస్ఫేట్ పొర వదులుతుంది. సుమారు 1,600 ఏళ్లుగా ఢిల్లీ ఇనుప స్తంభం నిలవడానికి కారణం ఆ ఇనుములో భాస్వరం ఎక్కువగా ఉండి, పైన ఫాస్ఫేట్ పొర ఏర్పడడమేనని ఐఐటీ కాన్పూర్ శాస్త్రవేత్త ఆర్. బాలసుబ్రహ్మణ్యం వివరించారు. పాత కారు ట్యాంకుకూ ఆ స్తంభానికీ ఇలాంటి చుట్టరికం ఉందని తెలిసినప్పుడు నాకు భలే సంతోషం వేసింది.

ఒక రాత్రి నానాక వంచితే నీళ్లు చిక్కటి ఆకుపచ్చ గోధుమ రంగులో వచ్చాయి. పాత పూతలో సీసం ఉండొచ్చు కాబట్టి అలాంటి నీళ్లను కాలువలోకీ మొక్కలకీ పోయకూడదు, చేతులకు తొడుగులు తప్పనిసరి. చాకలి సోడా నీళ్లతో కడిగితే మిగిలిన ఆమ్లం విరుగుతుంది. ఆ తర్వాత ఒక్క నిమిషం కూడా ఆలస్యం పనికిరాదు. తుప్పు వదిలిన పచ్చి ఇనుము తడిగా ఉంటే మన కళ్లముందే నారింజ రంగుకు తిరుగుతుంది. బ్లోయరుతో ఆరబెట్టి, బ్లోయరు దూరంగా పెట్టేశాక స్పిరిట్‌తో ఒకసారి తొలిపి, ఆ వెంటనే పాత స్కూటర్లకు పోసే టూటీ ఆయిల్ కలిపిన పెట్రోల్ పోసి అన్ని వైపులా తిప్పాను.

లోపల ఎపాక్సీ పూత వేయించమని చాలామంది సలహా ఇచ్చారు. బెజ్జాలు పడితే అది తప్పదేమో. తుప్పు పూర్తిగా పోని రేకు మీద వేస్తే మాత్రం కొన్నాళ్లకు పూతే పెచ్చులుగా లేచి జాలీకి అడ్డుపడుతుంది, అప్పుడు దాన్ని తీయడం తుప్పు తీయడం కంటే కష్టం. పాత రకం పూతల్లో కొన్ని ఇథనాల్‌కు మెత్తబడతాయి కూడా. నేను వేయించలేదు. మూత రబ్బరు, ఇథనాల్‌కు తట్టుకునే కొత్త పైపులు, పంపుకు ముందు గాజు ఫిల్టరు మాత్రం వేయించాను.

2028లో ఈ కారుకు యాభై ఏళ్లు నిండుతాయి. 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ వాహనంగా నమోదు చేయిస్తే నంబరు ప్లేటు మీద 'వీఏ' అక్షరాలు వస్తాయి, రోజువారీగా తిప్పడానికి మాత్రం వీలుండదు. కారు తిరగకపోతే మళ్లీ అదే పాత పెట్రోల్, అదే అడుగు, అదే నిలవ నీరు. ఈ విషయమై ఇంకా ఏమీ తేల్చుకోలేదు. ప్రస్తుతానికి పదిహేను రోజులకోసారి పిఠాపురం దాకా వెళ్లి వస్తున్నాం. ఇంటికి రాగానే బానెట్ ఎత్తి గాజు ఫిల్టరు అడుగున చూస్తాను. మొదటి నెలలో కాస్త ఎర్రగా పొడి కనిపించింది. పోయినసారి పెట్రోల్ ఒక్కటే ఉంది.