కరిగెట మట్టి ఘనమా, ద్రవమా?

ఘనానికి సొంత ఆకారం ఉంటుంది, ద్రవం పాత్ర ఆకారాన్ని తీసుకుంటుంది, వాయువు దొరికిన చోటంతా నిండుతుంది. బడిలో అందరం చదువుకున్న పాఠమే. నాట్ల కాలంలో సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వైపు వెళ్తే ఈ పాఠానికి లొంగని పదార్థం ఎకరాల కొద్దీ కనిపిస్తుంది. నీళ్లు పెట్టి, ఇనుప చక్రాల ట్రాక్టరుతో దమ్ము చేసిన మట్టి అది. ఆ మడినే ఇక్కడ కరిగెట అంటారు. గట్టు మీది నుంచి చూస్తే నీటిలా సమంగా పరచుకొని ఉంటుంది. చేత్తో తీస్తే ముద్దగా నిలుస్తుంది. అడుగు వేస్తే పిక్కల దాకా దిగుతుంది. కాసేపు కదలకుండా నిలబడితే మాత్రం అదే మట్టి కాలిని పట్టుకొని వదలదు.

ఇంతకీ అది ఘనమా, ద్రవమా? ప్రశ్నలోనే లోపం ఉందని నా అభిప్రాయం. పదార్థాన్ని ఎంత బలంతో నెట్టాం, ఎంతసేపు గమనించాం అన్నవి చెప్పకుండా దాని స్థితి అడిగితే జవాబు సగమే దొరుకుతుంది. నీరు, ఇనుము వంటివాటిని మన చేతులతో, మన గడియారంతో ఎలా పరీక్షించినా ఒకే జవాబు వస్తుంది కాబట్టి ఆ రెండు ప్రశ్నలూ మనకు గుర్తుకు రావు. మట్టి, పెరుగు, తారు వాటిని గుర్తు చేస్తాయి.

మట్టి సంగతి వివరంగా చూద్దాం. బంకమట్టి రేణువులు రెండు మైక్రాన్ల కంటే చిన్నవి, పలుచని రేకుల్లాంటివి. రేకు ముఖాల మీద రుణావేశం ఉంటుంది, అంచుల మీద తరచుగా ధనావేశం చేరుతుంది. అందువల్ల ఒక రేకు అంచు మరో రేకు ముఖానికి ఆనుకొని, పేకముక్కల మేడ మాదిరిగా ఒక కట్టడం లేస్తుంది. దాని గదుల నిండా నీరే. కదిలించనంత వరకూ ఆ కట్టడం బరువు మోస్తుంది, అంటే మట్టి ఘనంగా ప్రవర్తిస్తుంది. పాదం బరువుకు మేడ కూలగానే ద్రవంలా జారుతుంది. కదలిక ఆగితే రేకులు మళ్లీ అతుక్కుంటాయి, కాలి చుట్టూ మట్టి బిగుస్తుంది. కుదిపితే పలుచబడి, విడిచిపెడితే గట్టిపడే ఈ గుణాన్ని థిక్సోట్రోపీ అంటారు. కాలిని నిట్టనిలువుగా లాగితే దాని కింద ఖాళీ ఏర్పడి, పై నుంచి గాలి ఒత్తిడి అదిమి పడుతుంది. మడమను అటూ ఇటూ కదిపి, కిందికి నీరు చేరనిచ్చి తీస్తే సులువుగా వస్తుంది. నాట్లు వేసే ఆడవాళ్లకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు.

దమ్ము చేయడంలో ఉద్దేశం కూడా ఇదే. మట్టి గడ్డల్లోని రంధ్రాలు చెదిరి, సన్నని రేణువులు కిందికి పేరుకుంటే నీరు భూమిలోకి ఇంకడం తగ్గుతుంది. మహబూబ్‌నగర్ వైపు ఎర్ర చల్క నేలల్లో ఇసుక పాలు ఎక్కువ, బంక తక్కువ. చెరువు పూడిక మట్టిని పొలాలకు తోలుకోవడం అక్కడ పాత అలవాటు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనుల్లోనూ ఆ మట్టి చాలా పొలాలకు చేరింది. పూడికతో వచ్చే బంక నేలకు నీటిని పట్టి ఉంచే శక్తినిస్తుంది.

కుదిపితే పలుచబడే మట్టి గుణం మనుషుల ప్రాణం మీదికీ తెస్తుంది. 1978 ఏప్రిల్‌లో నార్వేలోని రిస్సాలో పశువుల కొట్టం కోసం తవ్విన మట్టిని సరస్సు ఒడ్డున పోశారు. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకొని, కాలక్రమంలో ఉప్పు కడిగివేయబడిన బంకమట్టి నేల అది. పైబడిన బరువుకు ఒక చోట మొదలైన జారుడు పాకుతూ పోయి, 50 లక్షల ఘనమీటర్లకు పైగా నేల చారులా మారి ప్రవహించింది. ఇళ్లు దాని మీద తేలుతూ కొట్టుకుపోయాయి.

తాటి ముంజలోనూ ఉన్నది ఇలాంటి కట్టడమే, కాకపోతే రేకులకు బదులు గొలుసులు. మరీ లేత కాయలో గింజ లోపల ఉండేది దాదాపు నీరే. కొన్ని రోజులకు గాలక్టోమన్నన్ అనే పొడవైన చక్కెర గొలుసులు అల్లుకొని, ఆ నీటిని తమ మధ్య బంధిస్తాయి. వేసవిలో మనం తినే ముంజలో పదింట తొమ్మిది పాళ్లు నీరే అయినా అది కారిపోదు, వేలితో నొక్కితే లోపలికి వెళ్లి మళ్లీ పైకి వస్తుంది. కాయ ముదిరితే పక్క కొమ్మలు తగ్గిన మన్నన్ గొలుసులు ఒకదానికొకటి ఒత్తుగా పేర్చుకొని కత్తికి లొంగనంత గట్టిపడతాయి. నీరు, జెల్, రాయిలాంటి గింజ, మూడూ ఒకే కాయలో! ఉష్ణోగ్రత మార్పు ఏదీ దీనికి అక్కరలేదు. నల్గొండ తాళ్లలో ఏటా జరిగే ఈ మార్పు ఏ ప్రయోగశాల ప్రదర్శన కంటే గొప్పదని నేను నమ్ముతాను. పెరుగులో కేసిన్ అనే మాంసకృత్తి, చల్లారిన జొన్న గటకలో పిండిపదార్థం అదే పని చేస్తాయి.

నల్గొండ పేరు ప్రపంచ నీటి శాస్త్రంలో నిలిచిందీ ఇలాంటి పదార్థం వల్లే. ఫ్లోరైడ్ నీరు ఈ జిల్లాలో ఎన్ని ఎముకలను వంచిందో చెప్పనక్కరలేదు. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, నీరి, 1970లలో రూపొందించిన శుద్ధి పద్ధతికి నల్గొండ పద్ధతి అని పేరు. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు. పటికలోని అల్యూమినియం నీటిలో హైడ్రాక్సైడ్‌గా మారి మెత్తని తునకలు కడుతుంది. అవి నీటితో ఉబ్బిన జెల్ ముద్దలు. వడపోతకు ముందే కంటికి కనిపిస్తాయి, వేళ్ల మధ్య పట్టుకోబోతే చెదిరిపోతాయి. వాటి విస్తారమైన ఉపరితలానికి ఫ్లోరైడ్ అయాన్లు అంటుకుంటాయి. అందుకే నెమ్మదిగా కలపాలి. గట్టిగా తిప్పితే తునకలు ముక్కలై అడుగుకు దిగవు. అడుగున చేరే మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది, శుద్ధయిన నీటిలో అల్యూమినియం మిగలకుండా చూడడం ఈ పద్ధతిలోని చిక్కులు.

ఇక కాలం సంగతి. 1927లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో థామస్ పార్నెల్ అనే ఆచార్యుడు పిచ్ అనే నల్లని పదార్థాన్ని కరిగించి గరాటులో పోశాడు. సుత్తితో కొడితే గాజులా పగిలే పదార్థం అది. 1930లో గరాటు అడుగు కోశారు. అప్పటి నుంచి 2014 వరకు పడినవి తొమ్మిది చుక్కలు. దాని స్నిగ్ధత, అంటే కారడాన్ని అడ్డుకునే చిక్కదనం, నీటి కంటే సుమారు 23,000 కోట్ల రెట్లు. సుత్తి దెబ్బకు క్షణంలో వెయ్యో వంతు చాలు, అంతలో అణువులకు జరిగే వ్యవధి ఉండదు, పిచ్ పగులుతుంది. ఏళ్ల వ్యవధి ఇస్తే కారుతుంది. పదార్థం సర్దుకోవడానికి పట్టే కాలాన్ని, మనం గమనించే కాలంతో పోల్చే నిష్పత్తికి 1964లో మార్కస్ రైనర్ డెబోరా సంఖ్య అని పేరు పెట్టాడు. అది ఒకటి కంటే చాలా పెద్దదైతే ఘనం, చాలా చిన్నదైతే ద్రవం.

జడ్చర్ల మీదుగా బెంగళూరు వెళ్లే రహదారి మీద లారీలు నడుపుతున్నవారికి ఈ లెక్క టైర్ల కిందే ఉంది. రోడ్డు వేసే తారు కూడా పిచ్ బంధువే. వేగంగా పోయే లారీ చక్రం ఒక బిందువు మీద ఉండేది రెప్పపాటు కంటే తక్కువ. అంతలో తారు ఘనంలా బరువు మోసి వెనక్కి వస్తుంది. అదే లారీ ఎర్రదీపం దగ్గరో, టోల్ గేట్ దగ్గరో మే నెల మధ్యాహ్నం ఆగి ఉంటే తారుకు జరిగే వ్యవధి దొరుకుతుంది. వాహనాలు ఆగే చోట్ల చక్రాల దారి వెంట గాళ్లు పడడానికి ముఖ్య కారణం ఇదే. మన దేశంలో 2006 నుంచి తారును సూది ఎంత లోతు దిగిందన్న పాత పరీక్షకు బదులు 60 డిగ్రీల దగ్గర స్నిగ్ధతను కొలిచి శ్రేణులుగా విభజిస్తున్నారు. భారీ లారీలు ఆగే చోట్లకు వీజీ-40 అనే చిక్కని రకం, చలి ప్రాంతాలకు పలుచని వీజీ-10 వాడతారు.