గ్రహశకలాలు, గైయా టెలిస్కోప్: అపోహలు - వాస్తవాలు

విశాఖ బీచ్ రోడ్డులో టెలిస్కోప్ పెట్టి జనానికి చంద్రుణ్ణి చూపిస్తుంటాం. నా పని గైయా అంతరిక్ష టెలిస్కోప్ కొలతలతో గ్రహశకలాల కక్ష్యలు లెక్కగట్టడమని తెలియగానే "ఫోటోలు ఉంటే చూపించండి సార్" అంటారు.

అపోహ: గైయా గ్రహశకలాల ఫోటోలు తీసింది.

వాస్తవం: ఐరోపా అంతరిక్ష సంస్థ పంపిన గైయా 2014 నుంచి 2025 జనవరి దాకా కొలిచింది ముఖ్యంగా స్థానాలనే. చాలా శకలాలు దానికి ఉత్త చుక్కలే. ఆ చుక్క సుమారు 40 సెకన్లలో వరుసగా తొమ్మిది సీసీడీలను (కాంతిని పట్టే చిప్‌లను) దాటుతుంది. నక్షత్రమైతే అన్నీ ఒకే చోటు చెబుతాయి. గ్రహశకలమైతే ఆ కాసేపట్లోనే పక్కకు జరిగిందని పట్టుబడుతుంది. ఏ ఫోటో కన్నా నాకు ఇదే అందంగా కనిపిస్తుంది.

అపోహ: అంత కచ్చితమైన కొలత ఏ దిశలోనైనా కచ్చితమే.

వాస్తవం: కొత్తగా వచ్చే విద్యార్థులు తడబడేది ఇక్కడే. స్కాన్ దిశలో, అంటే చుక్క సీసీడీల మీదుగా జరిగే దిశలో, కాంతివంతమైన శకలాలకు, పొరపాటు డిగ్రీలో 36 లక్షల వంతైన ఒక మిల్లీ ఆర్క్‌సెకండ్ లోపే. 30 కోట్ల కిలోమీటర్ల దూరాన అది ఒకటిన్నర కిలోమీటర్లు! అడ్డదిశలో మాత్రం, మసక శకలాలకు, వందల మిల్లీ ఆర్క్‌సెకండ్లు. అంటే చేతికొచ్చేది ఒక సన్నని పొడవాటి గీత. మరోసారి వేరే కోణంలో స్కాన్ చేస్తే గీత ఇంకోవైపు వాలుతుంది. అలాంటివి చాలా కలిస్తేనే కక్ష్య బిగుస్తుంది. రెండు దిశలకూ ఒకే వెయిట్ (లెక్కలో ప్రాధాన్యం) ఇస్తే బంగారం లాంటి డేటా పాడైపోతుంది. 2023లో లక్షా యాభై వేలకు పైగా శకలాల మెరుగైన కక్ష్యలు ఇలాగే వచ్చాయి.

అపోహ: ఇదంతా భూమిని ఢీకొంటాయన్న టెన్షన్‌తోనే.

వాస్తవం: గైయా చూసినవాటిలో ఎక్కువ భాగం కుజుడికీ గురుడికీ మధ్య తిరిగేవే. పెద్దదాని పక్కగా వెళ్లిన చిన్న శకలం దారి ఎంత వంగిందో చూసి పెద్దదాని ద్రవ్యరాశి తెలుసుకుంటాం.

అపోహ: ఇక నేల మీది టెలిస్కోపులతో పనిలేదు.

వాస్తవం: పని పెరిగింది. శకలం ఒక నక్షత్రాన్ని కప్పినప్పుడు దాని నీడ ఏ ఊరి మీదుగా పోతుందో గైయా స్థానాల వల్ల ఇప్పుడు ఎంతో మెరుగ్గా ముందే చెప్పగలం. చిన్న టెలిస్కోప్, కెమెరా, జీపీఎస్ టైమ్ ఉంటే నక్షత్రం ఎన్ని సెకన్లు మాయమైందో కొలవచ్చు. దాన్ని నీడ వేగంతో గుణిస్తే మనకు ఎదురైన చోట శకలం వెడల్పు వస్తుంది. 1840లో గోడే వెంకట జగ్గారావు సొంతంగా అబ్జర్వేటరీ పెట్టిన ఊరు మనది. 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని ఇక్కడి నుంచే చూశారు. ఆ పరిశీలనకూ ప్రాణం టైమింగే. నక్షత్రం కాంతివంతమైనదైతే సిటీ లైట్లున్నా ఫర్వాలేదు. అది మాయం కాకపోయినా ఆ రికార్డింగ్ పారేయకండి, టైముతో సహా పంపండి. శకలం అంచు మన దాకా రాలేదని దాంతోనే తెలుస్తుంది.