కేసులో లేనివాళ్లకు నకలు ఇస్తారా?

చిరంజీవులు స్వాతికీ, కిరణ్‌కీ,

పెద్దమ్మ దీవెనలు. మీ ముత్తాతగారు పొలం గట్టు విషయంలో పక్కవాళ్ల మీద దావా వేశారని, ఆ తీర్పులో ఏముందో చదవాలని ఉందని రాశారు. చివర్న స్వాతి ఒక ప్రశ్న అడిగింది: "మేం ఆ కేసులో లేం కదా, మాకిస్తారా?" కోర్టులో నకళ్లు ఇచ్చే కాపీయింగ్ సెక్షన్ కిటికీ వెనక కూర్చున్నన్నాళ్లూ ఈ ప్రశ్న వింటూనే ఉన్నాను. అడిగేవాళ్లలో సగం మంది గొంతు తగ్గించి అడిగేవాళ్లు, ఏదో చేయరాని పని చేస్తున్నట్టు. చేయరాని పనేమీ కాదు. ఇస్తారు, కానీ ఏం కావాలో తెలిసి అడగాలి.

మన దేశంలో కోర్టు విచారణ నలుగురి ముందూ జరగాలన్నది నియమం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 153బి సెక్షన్ ఆ మాటే చెబుతుంది. చోటున్నంత వరకు ఎవరైనా వెళ్లి వెనక బెంచీ మీద కూర్చోవచ్చు. అయితే హాలు తలుపు తెరిచి ఉంటే బీరువా తలుపు కూడా తెరిచి ఉన్నట్టే అనుకోకండి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 75వ సెక్షన్ ఉంది. పాత సాక్ష్య చట్టంలో అదే 76. కోర్టు తీర్పు లాంటి పబ్లిక్ డాక్యుమెంటు ఎవరి దగ్గర ఉందో ఆ అధికారి, దాన్ని చూసే హక్కున్న మనిషి అడిగి రుసుము కడితే, సర్టిఫైడ్ కాపీ, అంటే అసలుకు సరైన నకలేనని ధ్రువీకరించిన కాపీ, ఇవ్వాలని అది చెబుతుంది. "చూసే హక్కున్న మనిషి" అన్న ఆ చిన్న మాట దగ్గరే తగువంతా. వాదికీ ప్రతివాదికీ ఆ హక్కు ఉందా లేదా అన్న ప్రశ్నే రాదు. బయటివాళ్ల సంగతి మాత్రం హైకోర్టులు చేసుకున్న రూల్సులో ఉంటుంది.

అది తర్వాత. ముందు కేసు దొరకాలి కదా. కోర్టులో మనిషికి పేరు ఎంతో కేసుకు నంబరు అంత. సివిల్ దావా అయితే ఓ.ఎస్., క్రిమినల్ కేసు మేజిస్ట్రేటు దగ్గరైతే సీ.సీ., సెషన్స్‌లో అయితే ఎస్.సీ., డిక్రీని, అంటే తీర్పు ప్రకారం కోర్టు ఇచ్చిన ఉత్తర్వును, అమలు చేయించుకునే పిటిషన్ అయితే ఈ.పీ. దాని పక్కన నంబరు, సంవత్సరం. కానీ "ఓ.ఎస్. 45/1987" అని ఒక్కటే రాసుకొచ్చి కిటికీలో పెడితే మాకు ఏమీ తెలియదు. నంబర్లు ప్రతి కోర్టులోనూ ఏటా ఒకటి నుంచి మళ్లీ మొదలవుతాయి. అదే ఏడాది అదే నంబరుతో పక్క కోర్టులో ఇంకో దావా ఉంటుంది. కోర్టు పేరు కూడా కావాలి. ఆ పేరు కాలంతో మారుతుంది కూడా. ఒకప్పటి మున్సిఫ్ కోర్టు ఇప్పుడు జూనియర్ సివిల్ జడ్జి కోర్టు, సబ్ కోర్టు అన్నది సీనియర్ సివిల్ జడ్జి కోర్టు. పాత కాగితం మీద ఉన్న బోర్డు కోసం కోర్టు ఆవరణంతా తిరిగినవాళ్లను ఎందరినో చూశాను.

కొత్త కేసులైతే ఇంట్లో కూర్చుని వెతకొచ్చు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో గానీ యాప్‌లో గానీ రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుని పేరుతో, కేసు నంబరుతో, ఎఫ్ఐఆర్ నంబరుతో, లాయరు పేరుతో వెతికే వీలుంది. ప్రతి కేసుకూ పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. మొదటి రెండు అక్షరాలు రాష్ట్రానివి, తర్వాతి రెండు జిల్లావి, ఆపైన రెండంకెలు ఆ కోర్టువి, ఆరంకెలు వరస సంఖ్య, చివరి నాలుగంకెలు సంవత్సరం. ఇది దొరికిందంటే ఇక కోర్టు పేరు, కేసు రకం ఏవీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. దేశంలో ఇంకో కేసుకు అదే నంబరు ఉండదు.

పేరుతో వెతికేటప్పుడు మాత్రం ఓపిక కావాలి. మన పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. వెంకటేశ్వర్లులో శ దగ్గర ఒకరు హెచ్ పెడతారు, ఇంకొకరు పెట్టరు. లక్ష్మిని ఎన్ని రకాలుగా రాయొచ్చో మీరే రాసి చూడండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా, ఒకచోట పేరు చివర్న. అందుకే పేరంతా కొట్టకుండా, అందరూ ఒకేలా రాసే నాలుగైదు అక్షరాల ముక్క కొట్టండి. "పెండింగ్" (నడుస్తున్న కేసులు) కింద లేకపోతే "డిస్పోజ్డ్" (ముగిసినవి) నొక్కి చూడండి. పేరు కలిసినంత మాత్రాన ఆ మనిషే అనుకోవద్దు. తండ్రి పేరు, ఊరు సరిచూసుకోకుండా "ఫలానాయన మీద కేసుందట" అని బయట అన్నారంటే, మీరు వెతికింది కేసు కాదు, తగాదా.

సైట్‌లో తీర్పు పీడీఎఫ్ కూడా ఉండొచ్చు. చదువుకోవడానికి అది చాలు, పైసా ఖర్చు లేదు. ఇంకో ఆఫీసులో చూపించాలన్నా, అప్పీలుకు వెళ్లాలన్నా మాత్రం ముద్ర, సంతకం ఉన్న సర్టిఫైడ్ కాపీ కావాలి.

మీ ముత్తాతగారి దావా అంత పాతది సైట్‌లో ఉంటుందని ఆశ పెట్టుకోకండి. దానికి వేరే దారి ఉంది. ముందు ఇంట్లో ఉన్న పాత రిజిస్టర్డ్ దస్తావేజులు చదవండి. పొలం మీద డిక్రీ వచ్చి ఉంటే, తర్వాత జరిగిన పంపకం దస్తావేజులోనో అమ్మకం దస్తావేజులోనో "ఫలానా కోర్టు ఓ.ఎస్. నంబరు ఫలానా ప్రకారం" అని ఒక వాక్యం తరచూ ఉంటుంది. అది దొరికితే సగం పని అయినట్టే. దొరక్కపోతే వాది, ప్రతివాది పేర్లూ, సుమారు ఏ సంవత్సరమో రాసి, సూట్ రిజిస్టరులో వెతికించమని కోర్టులో అర్జీ పెట్టుకోవాలి. సివిల్ దావాలన్నిటినీ రిజిస్టరులో ఎక్కించాలని చట్టమే చెబుతుంది కాబట్టి ఆ పుస్తకమే మనకు ఆధారం. మీరు ఏ జిల్లా కోర్టుకు వెళ్లాలన్నది కూడా ముందే కనుక్కోండి. తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఊరు ఇప్పుడు ఒక జిల్లాలో ఉంటే, పాత కట్ట ఇంకో చోట రికార్డు రూంలో ఉండొచ్చు.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. కోర్టు కాగితాలన్నీ శాశ్వతంగా ఉండవు. 1917 నాటి రికార్డుల ధ్వంసం చట్టం కింద హైకోర్టులు రూల్సు చేస్తాయి. ఏ కాగితం ఎన్నేళ్లు ఉంచాలో, ఎప్పుడు తీసేయాలో వాటిలో ఉంటుంది. తీర్పు, డిక్రీ లాంటివి ఎక్కువ కాలం నిలుస్తాయి, మామూలు పిటిషన్లు, సమన్లు ముందు పోతాయి. అందుకే "కేసు ఫైలంతా కావాలి" అని రాసినవాళ్ల కంటే "తీర్పు, డిక్రీ కావాలి" అని రాసినవాళ్ల పని త్వరగా అయ్యేది. రెండూ అడగండి. ఎవరు గెలిచారో డిక్రీలో ఉంటుంది, ఎందుకు గెలిచారో తీర్పులో ఉంటుంది. ఒకటి పట్టుకెళ్లి రెండోదాని కోసం మళ్లీ వచ్చేవాళ్లు మాకు కొత్త కాదు.

ఇక మీ ప్రశ్న. కేసులో లేనివాళ్లను కోర్టు భాషలో థర్డ్ పార్టీ అంటారు. మీరు కాపీ అప్లికేషన్‌తో పాటు, ఆ కాగితం ఎందుకు కావాలో చెబుతూ అఫిడవిట్, అంటే ప్రమాణపత్రం, పెట్టాలి. జడ్జిగారు చూసి అనుమతిస్తే ఇస్తారు. అవసరమైతే అవతలి పక్షాలకు నోటీసు ఇచ్చి వాళ్ల మాట కూడా వింటారు. కారణం పెద్దగా ఉండనక్కర్లేదు, నిజంగా ఉండాలి. "నేను ఫలానా వాదికి మునిమనవరాలిని, మా కుటుంబ పొలం హద్దుల వివరం తెలుసుకోవడానికి" అని రాస్తే చాలు. కొందరు "అవసరార్థం" అని ఒక్క ముక్క రాసిచ్చేవాళ్లు. ఏ అవసరం నాయనా అని అడిగితే కోపం వచ్చేది.

సమాచార హక్కు చట్టం కింద అడిగితే అయిపోతుంది కదా అని కిరణ్ అంటాడు, నాకు తెలుసు. అది కుదరదు. 2020 మార్చి 4న గుజరాత్ హైకోర్టు వ్యవహారంలో సుప్రీంకోర్టు తేల్చేసింది. కేసు కాగితాల నకళ్లు ఇవ్వడానికి హైకోర్టు రూల్సు ఉన్నప్పుడు ఆ దారినే రావాలి, సమాచార హక్కు దారిన కాదు అని.

కొన్ని కేసుల జోలికి మాత్రం ఆసక్తి కొద్దీ వెళ్లకండి. లైంగిక దాడుల కేసులు, పిల్లల కేసులు, భార్యాభర్తల తగాదాలు మూసిన తలుపుల వెనక నడుస్తాయి. బాధితురాలి పేరు బయటపెడితే అది నేరం, రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. కాగితం మీ చేతికి ఎలా వచ్చిందన్నది అక్కడ లెక్కలోకి రాదు.

అప్లికేషన్ ఇచ్చాక సీ.ఏ. నంబరు, అంటే మీ కాపీ అప్లికేషన్ నంబరు, ఇస్తారు. దాన్ని పోగొట్టుకోవద్దు. తర్వాత ఎన్ని పేజీలో లెక్క చూసి, ఇన్ని స్టాంపులు కట్టాలని నోటీసు బోర్డు మీద పెడతారు. జనం పడిపోయేది ఇక్కడే. ఇంటికి కబురు వస్తుందని కూర్చుంటారు. గడువు దాటితే అప్లికేషన్ కొట్టేస్తారు. నా సొంత తమ్ముడే ఒక కోర్టులో ఇలా రెండుసార్లు పోగొట్టుకున్నాడు. అక్క అదే శాఖలో ఉంది కదా అన్న ధీమా. మూడోసారి నేనే బోర్డు ముందు నిలబడాల్సి వచ్చింది.

నకలు సిద్ధమైతే చివరి పేజీ వెనక తిప్పి చూడండి. అప్లికేషన్ ఎప్పుడు ఇచ్చారు, స్టాంపులు ఎప్పుడు అడిగారు, ఎప్పుడు కట్టారు, కాపీ ఎప్పుడు సిద్ధమైంది అని వరసగా తేదీలుంటాయి. అలంకారానికి కాదు అవి. లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, నకలు రావడానికి పట్టిన రోజుల్ని అప్పీలు గడువులోంచి తీసేస్తారు. ఆ లెక్క కట్టేది ఈ తేదీలతోనే. మీరు స్టాంపులు కట్టకుండా ఆలస్యం చేసిన రోజులు మాత్రం మీ ఖాతాలోనే పడతాయి. కింద రెండు సంతకాలు కూడా ఉంటాయి, ఒకరు చదివినట్టు, ఒకరు సరిచూసినట్టు. మా రోజుల్లో నిజంగానే ఒకరు పైకి చదివితే ఇంకొకరు వేలు పెట్టి చూసేవాళ్లం. మధ్యాహ్నం పూట నిద్ర ముంచుకొచ్చేది, పొలం సర్వే నంబరు రాగానే మెలకువ వచ్చేది. అక్కడ ఒక్క అంకె తప్పితే ఇంకో తరం కోర్టుకెక్కుతుంది.

తీర్పుతో పాటు ప్లెయింట్, అంటే దావా వేస్తూ వాది ఇచ్చిన అర్జీ, కూడా దొరికితే, ముందు తీర్పు చదవండి. ప్లెయింట్ ముత్తాతగారి మాట. అందులో పక్కవాళ్లు రాక్షసుల్లా కనిపిస్తారు. వాళ్లు వేసిన జవాబులో ముత్తాతగారు అలాగే కనిపిస్తారు.

వచ్చే సెలవుల్లో బీరువాలోని దస్తావేజులు తీసి, ఓ.ఎస్. అన్న అక్షరాలు ఎక్కడున్నాయో చూసి, ఆ పేజీ ఫొటో నాకు పంపండి. పాత చేతిరాత మీకు అర్థం కాకపోతే నేను చదివి పెడతాను. అఫిడవిట్ చిత్తుప్రతి మాత్రం మీరే రాయాలి, నేను దిద్దుతాను.

మీ
పెద్దమ్మ