మా బావ కుంటకు మత్తడి లేదు

శంకర్‌పల్లి దాటాక మా బావకు ఎనిమిదెకరాల ఫామ్‌హౌస్ ఉంది. పోయిన ఎండాకాలం అక్కడ పారే ఒర్రెకు అడ్డంగా జేసీబీతో కట్ట పోయించి, ఎకరం మేర కుంట చేశాడు. ఒడ్డున సిమెంటు బెంచీలు, నీళ్లలో బాతులు. వానలకు సగం నిండగానే చుట్టాలందర్నీ భోజనాలకు పిలిచాడు. తిన్నాక కట్ట మీద నడుస్తూ అడిగాను, "బావా, మత్తడి ఎక్కడ పెట్టావు?"

కట్ట మధ్యలోంచి బయటికి తొంగిచూస్తున్న అడుగు వెడల్పు పైపు చూపించాడు. "ఏమైతది? చిన్న కుంటనే కదా. నిండితే దాంట్లకెల్లి పోతది."

ఆ తర్వాత వచ్చిన డబుల్ కా మీఠా నాకు సరిగా దిగలేదు.

కోస్తా వాళ్లు అలుగు అనేదాన్నే మనం మత్తడి అంటాం. చెరువు నిండాక మిగులు నీళ్లు కట్ట జోలికి రాకుండా పొర్లిపోయే దారి అది. కట్ట కన్నా కొంచెం తక్కువ ఎత్తులో, ఒక పక్కన, గట్టి నేల మీద రాతితో కడతారు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయే ఉంటుంది కాబట్టి దాని మీద ఖర్చు దండగనిపిస్తుంది. కానీ మట్టికట్ట ప్రాణం దాన్లోనే ఉంది.

కాంక్రీటు ఆనకట్ట మీదుగా నీళ్లు పొర్లినా కొంతసేపు తట్టుకోవచ్చు. మట్టికట్టకు అంత ఓపిక ఉండదు. కట్ట దాటిన నీళ్లు వెనక వాలు మీద వేగం పుంజుకుని అడుగున మట్టిని కోస్తాయి. ఆ కోత మెట్లు మెట్లుగా పైకి, చెరువు వైపు పాకుతుంది. కట్ట తల దాకా పాకిందంటే గండి పడినట్టే. గండిలోంచి పోయే నీళ్లు గండిని వెడల్పు చేస్తాయి, వెడల్పయిన గండిలోంచి ఇంకా ఎక్కువ నీళ్లు పోతాయి. చెంబుతో పట్టగలిగిన ధార గంట తిరక్కుండా లారీ పట్టేంత దారి అవుతుంది.

మరి ఆ పైపు చాలదా? లెక్క వేసి చూద్దాం. ఆ ఒర్రెలోకి నీళ్లు దిగే భూమి సుమారు ఒక చదరపు కిలోమీటరు, అంటే రెండొందల యాభై ఎకరాలు. దాని మీద రెండు గంటల్లో 10 సెంటీమీటర్ల వాన పడిందనుకుందాం. అరుదే గానీ, మన దగ్గర వినని మాట కాదు. 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటింది. బండనేల, పైగా కొత్త వెంచర్ల సిమెంటు రోడ్లు. 80 శాతం నీళ్లు కిందికి వస్తాయనుకుంటే సెకనుకు 11 ఘనపు మీటర్లు. నిండు కుంటలో రెండు మీటర్ల లోతున ఉన్న అడుగు పైపు సెకనుకు పంపగలిగింది పావు ఘనపు మీటరుకు కాస్త ఎక్కువ. అలాంటి పైపులు నలభై కావాలి. అదే మత్తడి అయితే, దాని మీద రెండడుగుల మందాన నీళ్లు పారితే 14 మీటర్ల పొడవు సరిపోతుంది.

ఈ లెక్క చెబితే బావ నవ్వాడు. "నువ్వు ఊరికెనే టెన్షన్ పడతవ్. ఒర్రెల ఎప్పుడన్న గన్ని నీళ్లు చూసినవా?" నేను చూడలేదు నిజమే. ఆయన ఆ భూమి కొనీ మూడేళ్లే అయింది.

పైపుతో ఇంకో చిక్కుంది, నాకు ఇదే ఎక్కువ భయం. మట్టిని పొరలు పొరలుగా పోసి, సరైన తేమలో, రోలర్‌తో తొక్కిస్తేనే కట్ట గట్టిపడుతుంది. పైపు అడుగున, పక్కల రోలర్ చేరదు. అక్కడ మట్టి గుల్లగా మిగిలి, నీళ్లు పైపు లోపలి నుంచి కాకుండా పైపు వెంబడి బయటి నుంచి దారి వెతుక్కుంటాయి. మొదట చెమ్మ, తర్వాత ఊట, తర్వాత ఒక్కో మట్టిరేణువునూ మోసుకుపోయే సన్నటి సొరంగం. మనవాళ్లు దీన్ని బుంగ పడటం అంటారు. ప్రపంచంలో మట్టి ఆనకట్టలు తెగిన కేసులు చూస్తే, పైనుంచి పొర్లడం, లోపల బుంగ పడటం, ఈ రెండే చాలావాటికి కారణాలు.

బుంగను పసిగట్టడానికి యంత్రాలేవీ అక్కర్లేదు. కట్ట వెనక పాదం దగ్గర ఊట తేటగా వస్తోందా, బురదగా వస్తోందా చూడాలి. తేట నీరైతే కనిపెట్టుకుని ఉండొచ్చు, మట్టికట్ట అన్నాక కొంత చెమరుస్తుంది. నీరు ఎర్రబడిందంటే కట్ట లోపలి మట్టి బయటికి వస్తోందన్నమాట. ఇక గంటలు లెక్కపెట్టుకోవాలి. నల్లరేగడితో పోసిన కట్ట ఎండలకు నెర్రెలిచ్చి, తొలి వరదకే ప్రమాదంలో పడుతుంది. కట్ట మీద పెరిగిన చెట్టును కొట్టేస్తే దాని వేళ్లు లోపల కుళ్లి గొట్టాల్లా మిగులుతాయి. పందికొక్కులు, ఎండ్రకాయలు తమ వంతు తవ్వుతాయి. 2019 జులైలో మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో తివరే ఆనకట్ట తెగి 20 మంది దాకా చనిపోతే, ఒక మంత్రి నేరం ఎండ్రకాయల మీద వేశారు. నవ్వులపాలయ్యారు గానీ, ఎండ్రకాయలు కట్టల్లో బొరియలు చేయడం అబద్ధం కాదు. కట్ట కారుతోందని ఊరివాళ్లు ముందే మొత్తుకున్నా వినకపోవడం మాత్రం ఎండ్రకాయల తప్పు కాదు.

బావ కట్ట ఎత్తు నాలుగు మీటర్లు. కుంట నిండితే 80 లక్షల లీటర్లు, ఎండాకాలం మన గల్లీలకొచ్చే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 1,600. కట్టను నెట్టేది మాత్రం ఈ మొత్తం కాదు, లోతు. రెండు మీటర్ల లోతుంటే మీటరు పొడవు కట్ట మీద రెండు టన్నుల ఒత్తిడి. లోతు నాలుగు మీటర్లయితే నాలుగు టన్నులు అనుకుంటాం, కానీ ఎనిమిది. లోతు రెట్టింపైతే తోపు నాలుగింతలు. "ఇంకో రెండడుగులు ఎత్తు చేస్తే బోటు కూడా తిరుగుతది" అని ఆయన అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ లెక్కే.

మరి ప్రభుత్వం చూసుకోదా? 2021 డిసెంబరు నుంచి దేశంలో ఆనకట్టల భద్రతా చట్టం అమల్లో ఉంది. వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీలు, ప్రమాదం వస్తే ఏం చేయాలో ముందే రాసిన ప్రణాళిక, రాష్ట్రానికో భద్రతా సంస్థ. యజమాని ప్రైవేటు కంపెనీ అయినా బాధ్యత తప్పదు. మంచి చట్టమే. కానీ అది లెక్కలోకి తీసుకునేది 15 మీటర్లు దాటినవాటిని, లేదా 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉండి పొడవులోనో, నిల్వలోనో, వరదలోనో ఒక హద్దు మించినవాటిని. దేశంలో అలాంటివి 6 వేలకు పైగా. తెలంగాణలో చెరువులూ కుంటలే 46 వేలకు పైగా ఉన్నాయి, చాలావరకు ఈ గీతకు కిందే. బావ కుంట వాటి లెక్కలోనూ లేదు. ఒర్రెకు అడ్డం వేయడానికి అనుమతి తీసుకున్నావా అంటే మాట మార్చి బాతుల గురించి చెప్పాడు.

చట్టం ఎత్తు కొలుస్తుంది. కట్ట కింద ఎవరున్నారో చూసినప్పుడే ప్రమాదం తెలుస్తుంది. బావ కట్టకు అరకిలోమీటరు దిగువన కోళ్లఫారం, అందులో పనిచేసేవాళ్ల రేకుల ఇళ్లు ఉన్నాయి. హవాయిలోని కవాయి దీవిలో 2006 మార్చిలో ఒక ప్రైవేటు మట్టి ఆనకట్ట తెగి ఏడుగురు కొట్టుకుపోయారు. మత్తడిని పూడ్చేసి ఉంటారని, చట్టం ప్రకారం జరగాల్సిన తనిఖీ కూడా జరగలేదని స్వతంత్ర విచారణ చెప్పింది. 2018 మేలో కెన్యాలోని సోలైలో ఒక పెద్ద తోట యజమాని ఆనకట్ట తెగి కనీసం 47 మంది చనిపోయారు. దానికి అనుమతులే లేవు.

పాతకాలం వాళ్లు ఇవన్నీ ఆలోచించారు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కారు. కట్ట నుంచి నీళ్లు ఊరడం ఒక దోషం, సరే. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం కూడా దోషమేనట! 2018లో అమెరికాలోని మిషిగన్‌లో ఎడెన్‌విల్ అనే ప్రైవేటు ఆనకట్టకు పెద్ద వరదను పంపే సత్తా లేదని కేంద్ర సంస్థ లైసెన్సు రద్దు చేసింది. పర్యవేక్షణ రాష్ట్రానికి మారింది. 2020 మేలో నీళ్లు కట్ట పైకి ఎక్కకముందే తడిసిన మట్టి జారి అది తెగింది. పదివేల మందిని ముందే ఖాళీ చేయించారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. శాసనం రాసినాయనకు ఈ వార్త చెబితే ఆశ్చర్యపడడు. మన దగ్గరా కట్ట ఒకరి పట్టాలో, ఒర్రె ఇంకో శాఖ లెక్కలో, దిగువ కాలనీ మున్సిపాలిటీలో ఉంటాయి.

మన ఊళ్లలో నీరటి ఉండేవాడు. తూము తీయడం, మూయడం, కట్ట మీద తిరిగి బొరియలు చూడటం అతని పని. జీతం ప్రభుత్వం ఇచ్చేది కాదు, ఆయకట్టు రైతులు కల్లంలో ధాన్యం కొలిచేవాళ్లు. కట్ట తెగితే పొలం మునిగేదీ వాళ్లదే, చెరువు ఎండితే పంట పోయేదీ వాళ్లదే. కట్ట మీద మైసమ్మను నిలబెట్టి బోనం ఎత్తిందీ వాళ్లే. ఫామ్‌హౌస్ కుంటకు ఆయకట్టు లేదు. అందం పైవాడికి, గండం కిందివాడికి. కిందివాడికి కట్ట మీద కాలు పెట్టే హక్కు కూడా లేదు, గేటు దగ్గర వాచ్‌మన్ ఆపుతాడు. ఊరందరిదీ అయిన చెరువైనా చూసేవాళ్లు లేకపోతే అంతే. 2020 అక్టోబరులో బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు తెగి హఫీజ్‌బాబానగర్ ఇళ్లలోకి వచ్చిన నీళ్లు ఎవరూ మరిచిపోలేదు.

చివరికి బావ ఒప్పుకున్నాడు, నా లెక్కకు కాదు, మా అక్క చెప్పినందుకు. ఎడమ పక్క బండనేల చెక్కించి పద్నాలుగు మీటర్ల మత్తడి పెట్టించాడు. కట్ట తల కన్నా నాలుగున్నర అడుగులు దిగువన, అంటే దాని మీద రెండడుగులు పారినా ఇంకా రెండున్నర అడుగులు మిగిలేలా. పైపు తీసేసి ఆ చోట కట్ట తవ్వి మళ్లీ పొరలుగా పోయించాల్సి వచ్చింది. ఆ ఖర్చు గురించి ఇప్పటికీ నన్ను దెప్పుతాడు. పని మొదలుపెట్టే ముందు నీళ్లన్నీ ఒక్కరోజులో తోడేయబోతే ఆపాను. లోపలి వాలు తడిసి బరువెక్కి ఉంటుంది. ఎదురు ఒత్తిడి ఒక్కసారిగా పోతే జారిపోతుంది. కోళ్లఫారం మేస్త్రీ నంబరు వాచ్‌మన్ ఫోన్‌లో వేయించాను.

కట్టలు చేతులు మారినప్పుడు ఏమవుతుందో 1889లో పెన్సిల్వేనియాలోని జాన్స్‌టౌన్ చూసింది. ప్రభుత్వం కాలువ కోసం కట్టిన మట్టి ఆనకట్టను రైల్వే కంపెనీకి అమ్మారు. అక్కడి నుంచి కొన్నాయన అడుగున ఉన్న ఇనుప పైపులు పీకి పాత ఇనుముకు అమ్ముకున్నాడు. తర్వాత ధనవంతుల చేపలవేట క్లబ్బు కొని, బగ్గీలు ఎదురెదురుగా పోయేలా కట్ట తల తగ్గించి, చేపలు పోకుండా మత్తడికి జాలీలు బిగించింది. మే 31న అది తెగితే 2,209 మంది చనిపోయారు. బాధితులు క్లబ్బు మీద కోర్టుకెళితే ఒక్కరికీ పరిహారం రాలేదు.

పోయిన నెల బావ ఫామ్‌హౌస్ అమ్మకానికి పెట్టాడు. అగ్రిమెంటు కాగితం నాకు చూపించాడు. అందులో రెండు బోర్లు, మోటార్లు, నలభై మామిడి చెట్లు, కాంపౌండు గోడ, ఒక షెడ్డు ఉన్నాయి. కట్ట మాట ఎక్కడా లేదు.