చెప్పుల లైను మీద 30 వేల టన్నులు

2025 ఆగస్టులో ఒక తెల్లవారుజామున, నల్లగొండ జిల్లా హాలియా దగ్గర, ఎరువులు అమ్మే మా ఊరి సొసైటీ ముందు నా చెప్పులు 63వ నంబరులో ఉన్నాయి. నేను లేను, చెప్పులే ఉన్నాయి. వాటి ముందు ఒక పాస్‌బుక్కు జిరాక్స్, ఎగిరిపోకుండా దాని మీద ఒక రాయి. దానికీ ముందు ఎవరిదో తెగిపోయిన చెప్పు, ఒక్కటే. ఆ వానకాలం రాష్ట్రంలో చాలాచోట్ల యూరియా కోసం ఇదే వరస. నాట్లయి నెల దాటింది, వరి పిలకలు వేస్తోంది. నాయినకు మోకాళ్ల నొప్పులు కాబట్టి కాలేజీకి సెలవు పెట్టి నేను పోయాను. చెప్పులను లైన్లో వదిలి, ఎదురు హోటల్లో చాయ్ చెప్పి కూర్చున్నాను.

హోటల్లో రాజకీయం అప్పటికే మరుగుతోంది. "ఢిల్లీ నుంచి కోటానే రాలే, ఈళ్లేం జేస్తరు?" అన్నాడు ఒకాయన. "కోటా వచ్చింది, మనోళ్లే ఎటో మళ్లిచ్చిండ్రు" అన్నాడు ఇంకొకాయన. ఫోన్ చూస్తున్న ఒక పిల్లగాడు తల ఎత్తకుండా "చైనావోడు ఆపిండు బాపూ" అన్నాడు. హోటలాయన అందరి ముందూ గ్లాసులు పెడుతూ, "ఎవడాపినా నా చాయ్ అయితే ఆగలే" అన్నాడు.

నేను కెమిస్ట్రీ చెప్పుకునే మనిషిని. నా ఉద్దేశంలో ఆ మాటల్లో తలా ఇంత నిజం ఉంది. కానీ ఆ బస్తాలో ఏముందో, అది అంత దూరం నుంచి ఎందుకు రావాలో ఎవరూ అడగలేదు. తప్పు వాళ్లది కాదు, మాది. గాలిలోని నత్రజని నుంచి అమోనియా చేసే హేబర్ పద్ధతి అంటే ఉష్ణోగ్రత ఇంత, పీడనం ఇంత, ఉత్ప్రేరకం ఇనుము, రెండు మార్కులు. ఏళ్ల తరబడి ఇదే చెబుతున్నాను. ఆ రెండు మార్కుల ప్రశ్న మా సొసైటీ గోడౌన్‌కు తాళం వేయించగలదని క్లాసులో ఒక్కసారీ చెప్పలేదు.

ఒక చిన్న లెక్క చూడండి. మన నెత్తిమీద ప్రతి చదరపు మీటరుకు దాదాపు 10 టన్నుల గాలి ఉంటుంది. బరువు ప్రకారం అందులో ముప్పావు వంతు నత్రజని. ఎకరమంటే 4,047 చదరపు మీటర్లు. అంటే ఒక్క ఎకరం మీద సుమారు 30 వేల టన్నుల నత్రజని ఉంది. ఇక యూరియా బస్తా 45 కిలోలు, అందులో నత్రజని 46 శాతం. బస్తాకు 20.7 కిలోలు. పైన 30 వేల టన్నులు పెట్టుకొని కింద 20 కిలోల కోసం చెప్పులను లైన్లో నిలబెట్టాం. వెన్న చేతిలో పెట్టుకొని నేతికి ఊరంతా తిరిగినట్టు అంటారు కదా, అది ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. వెన్న నెయ్యి కావాలంటే పొయ్యి కావాలి. నత్రజనికీ ఒక పొయ్యి కావాలి, అది మామూలు పొయ్యి కాదు.

గాలిలో నత్రజని పరమాణువులు జంటలుగా ఉంటాయి. ఒకదాన్నొకటి మూడు బంధాలతో పట్టుకొని ఉంటాయి. వరి మొక్కకు ఆ పట్టు విడదీసే శక్తి లేదు. పిడుగుకు ఉంది. మట్టిలో కొన్ని సూక్ష్మజీవులకు ఉంది. మనిషికి 1909 దాకా సరిగ్గా చేతకాలేదు. అప్పటివరకు యూరప్ పొలాలకు చిలీ ఎడారిలో తవ్విన నైట్రేటు ఓడల్లో పోయేది. అది తరిగిపోతే గోధుమ తినే దేశాలు పస్తులుండాల్సి వస్తుందని 1898లో విలియం క్రూక్స్ బ్రిటిష్ శాస్త్రజ్ఞుల సభలోనే హెచ్చరించాడు. పదకొండేళ్లకు జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ అధిక పీడనంలో, వేడిలో, నత్రజనిని హైడ్రోజన్‌తో కలిపి అమోనియా చుక్కలు రాల్చి చూపించాడు. దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చింది కార్ల్ బాష్. 1913లో ఓపావు అనే ఊళ్లో మొదటి ఫ్యాక్టరీ మొదలైంది. ఇవాళ ప్రపంచంలో దాదాపు సగం మంది తిండి ఈ పద్ధతి మీదే ఆధారపడి ఉంది.

అదే హేబర్ 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర దగ్గర శత్రు సైనికుల మీదికి క్లోరిన్ వాయువు వదిలించాడు. అదే అమోనియా జర్మనీకి మందుగుండు కూడా అయింది. 1918 సంవత్సరపు నోబెల్ ఆయనకే ఇచ్చారు. ఈ కథ చెప్పినప్పుడు పిల్లలు "మంచోడా, చెడ్డోడా సార్?" అని అడుగుతారు. బెల్లు కొట్టే టైముకు చెబుతాను కాబట్టి ఇప్పటిదాకా తప్పించుకుంటున్నాను.

మన లైను సంగతికి వస్తే, అసలు కీలకం హైడ్రోజన్. అమోనియాకు నత్రజని గాలి నుంచి ఊరికే దొరుకుతుంది, హైడ్రోజన్‌కే ఖర్చంతా. దాన్ని సహజవాయువు నుంచి తీస్తారు. వాయువును ఆవిరితో కలిపి మండే వేడిలో ఉత్ప్రేరకం మీదుగా పంపితే హైడ్రోజన్ విడిపోతుంది, పక్కన బొగ్గుపులుసు వాయువు మిగులుతుంది. ఆ మిగిలినదాన్నీ పారేయరు. అమోనియాతో కలిపితే యూరియా అవుతుంది. మన ఫ్యాక్టరీల్లో టన్ను యూరియాకు పట్టే శక్తిని లెక్కేస్తే, ఒక్క బస్తాకు ఇంట్లో వాడే వంటగ్యాస్ సిలిండర్లు ఒకటిన్నరకు పైగా ఖర్చవుతాయి. మా ఊళ్లో ఈ పోలిక చెప్పినప్పుడు మగవాళ్లు తల ఊపి ఊరుకున్నారు, ఆడవాళ్లు మాత్రం "గంతనా?" అన్నారు. సిలిండర్ బరువు వాళ్లకే తెలుసు.

కాబట్టి యూరియా బస్తా అంటే గడ్డకట్టిన గ్యాస్. ఈ మాట పట్టుకుంటే పేపర్లో లోపలి పేజీ వార్తలు కూడా మన పొలం వార్తలవుతాయి. మన ఫ్యాక్టరీలకు కావాల్సిన గ్యాస్‌లో పెద్ద భాగం మైనస్ 162 డిగ్రీల దగ్గర ద్రవంగా మార్చి ఓడల్లో తెచ్చేదే. ఖతర్ నుంచి బయలుదేరిన ఓడ హోర్ముజ్ జలసంధి దాటి రావాలి. 2022లో రష్యా ఉక్రెయిన్ మీదికి పోతే గ్యాస్ ధర మండి యూరప్‌లో అమోనియా ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ 12 రోజులు కొట్టుకుంటే ఇజ్రాయెల్ తన గ్యాస్ బావులు కొన్ని ఆపింది. ఆ గ్యాస్ మీద నడిచే ఈజిప్టు యూరియా ఫ్యాక్టరీలు ఆగాయి. చైనా తన రైతులకు సరిపోయాకే బయటికి అంటూ ఎగుమతులకు కళ్లెం వేసింది. పిల్లగాడు చెప్పింది అబద్ధం కాదు, కథలో ఒక ముక్క. మనమేమో ఏటా 350 లక్షల టన్నులకు పైగా వాడతాం, 300 లక్షల టన్నులకు అటూ ఇటూగా తయారు చేసుకుంటాం. మిగిలిన దానికి ప్రపంచం మొహం చూడాలి.

రామగుండం ఉంది కదా అంటారు. ఉంది. మొదట అక్కడ బొగ్గుతోనే ఎరువు చేశారు, 1980 నుంచి. నష్టాలతో 1999లో మూసేశారు. 2021లో మళ్లీ మొదలైన కొత్త ఫ్యాక్టరీ ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యంతో కట్టినది. అయితే సింగరేణి బొగ్గు పక్కనే ఉన్నా అది గ్యాస్ మీద నడుస్తుంది.

ఇక ధర. బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలు. ప్రపంచ మార్కెట్లో టన్ను 500 డాలర్లు ఉన్న రోజున, డాలరు 85 రూపాయల లెక్కన, అదే 45 కిలోలకు 1,900 రూపాయలు దాటుతుంది. మిగతాది సర్కారు భరిస్తుంది. రైతుకు చవగ్గా ఇవ్వడం తప్పని నేను అనను. పట్నంలో కూర్చొని సబ్సిడీ ఎత్తేయాలని రాసేవాళ్లు మా హోటల్లో ఒక చాయ్ తాగి పోతే బాగుండు. నాకు తప్పనిపించేది వేరే ఉంది. 2010లో భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలను చాలావరకు మార్కెట్‌కు వదిలేసి, యూరియాను మాత్రం కట్టేసినచోటే ఉంచారు. పక్క బస్తా వెయ్యి దాటి, ఈ బస్తా పావలా వంతుకు దొరుకుతుంటే రైతు చేయి ఎటు పోతుంది? పైగా యూరియా చల్లిన నాలుగు రోజులకు ఆకు నల్లపచ్చగా తేలుతుంది. భాస్వరం చేసే పని వేరులో జరుగుతుంది, కంటికి కనపడదు. కంటికి కనపడేదాన్నే నమ్ముతాం, మందుల విషయంలోనూ ఓట్ల విషయంలోనూ.

అంత కష్టపడి తెచ్చిన బస్తా పొలంలో ఏమవుతుందో తెలిస్తే లైన్లో నిలబడ్డ కాళ్లు ఇంకా నొప్పెడతాయి. నీళ్లున్న మడిలో యూరియా చల్లితే మట్టిలోని యూరియేజ్ అనే ఎంజైమ్ కొద్దిరోజుల్లోనే దాన్ని అమ్మోనియంగా విడగొడుతుంది. మడిలో పాచి ఉంటే ఎండపూట అది నీళ్లలోని బొగ్గుపులుసు వాయువును పీల్చేస్తుంది. నీళ్లు క్షారం వైపు తిరుగుతాయి. అప్పుడు అమ్మోనియం అమోనియా వాయువై గాలిలోకి లేచిపోతుంది. ఇంకొంత సూక్ష్మజీవుల చేతిలో నైట్రేటుగా మారి కిందికి జారుతుంది. అక్కడ గాలాడని బురదలో వేరే సూక్ష్మజీవులు దాన్ని మళ్లీ మామూలు నత్రజనిగా మార్చి పైకి పంపేస్తాయి. ఖతర్ గ్యాస్ కాల్చి విడదీసిన జంట మా మడిలో మళ్లీ కలిసిపోతుంది! దారిలో కొంత నైట్రస్ ఆక్సైడ్ అవుతుంది, భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకు దాదాపు 270 రెట్లు. చివరికి వరి వేరుకు అందేది మూడో వంతు నుంచి 40 శాతం. 45 కిలోల బస్తాలో 15 నుంచి 18 కిలోలు మనవి, మిగతాది గాలికి, నీళ్లకు. అది బోరు నీళ్లలో కూడా తేలుతుంది. నల్లగొండ నీళ్లంటే ఫ్లోరైడ్ ఒక్కటే అడుగుతారు, నైట్రేటు ఎంతుందని అడిగినవాళ్లను నేను చూడలేదు.

పాత పద్ధతి ఒకటి ఉంది. 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండి కలిపి రెండు రోజులు ఉంచి చల్లమని వ్యవసాయ శాఖ వాళ్లు ఎప్పటినుంచో చెప్పేవారు. వేపలోని చేదు ఆ నైట్రేటు చేసే సూక్ష్మజీవులను కాస్త నిదానింపజేస్తుంది. 2015 నుంచి వేప పూత లేని యూరియా అమ్మకూడదన్నారు. మంచి పని. కానీ పూత ఉన్నా ఒకేసారి గుమ్మరిస్తే లాభం తక్కువ. నాయిన మాత్రం "దొరికినప్పుడే ఎయ్యాలె, మల్ల దొరకకపోతే?" అంటాడు. కొరత భయం వల్ల ఎక్కువ వేస్తాం, ఎక్కువ వేయడం వల్ల కొరత. అట్లా ఎక్కువైన మడికే సుడిదోమ, అగ్గితెగులు ముందు వస్తాయి, గాలివానకు అదే ముందు పడిపోతుంది.

నానో యూరియా గురించి కూడా అడుగుతుంటారు. ఆకు మీద కొట్టే ద్రవం అది, 500 మిల్లీలీటర్ల సీసా ఒక బస్తాకు సమానమన్నారు. మొదట వచ్చిన సీసాలో 4 శాతం నత్రజని, అంటే 20 గ్రాములు. బస్తాలో 20 కిలోలు. ఆకు మీద కొట్టింది మట్టిలో వేసినదానికంటే బాగా అందుతుందన్నా, వెయ్యి రెట్ల తేడా నా లెక్కకు అందడం లేదు. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు పొలంలో వేసి చూస్తే వరిలోనూ గోధుమలోనూ దిగుబడి తగ్గింది. ఆకుకు పైపైన సాయంగా అయితే సరే. బస్తా కావాలంటే సీసా కూడా కొనాలని అంటగట్టడం మాత్రం నాకు నచ్చదు.

మా మేనమామది నారాయణపేట వైపు. నల్లరేగడి, కాలువ లేదు, కంది పండిస్తాడు. మా ఊరి యూరియా గోల విని నవ్వుతాడు. ఆ సెప్టెంబరులో పోయినప్పుడు ఒక కంది మొక్కను పీకి వేర్లు చూపించాడు. ఆవగింజల్లా, పెసరగింజల్లా బొడిపెలు. గోటితో నొక్కితే లోపల గులాబీ రంగు. మన నెత్తురులో ఉండే హిమోగ్లోబిన్‌కు చుట్టమైన పదార్థం అది, ఆక్సిజన్‌ను అదుపులో పెట్టడానికి. ఆ బొడిపెల్లో రైజోబియం సూక్ష్మజీవులు మామూలు ఎండకు, మామూలు గాలికి, అదే మూడు బంధాల జంటను విడగొడుతున్నాయి. ఫ్యాక్టరీకి 400 డిగ్రీలకు పైన వేడి, మామూలు గాలి పీడనానికి 150 రెట్లకు మించిన పీడనం కావాలి. "గీ ఫ్యాక్టరీకి లైనుండదు అల్లుడూ" అన్నాడు మామ.

వరికి కూడా ఇట్లాంటి బొడిపెలు మొలిపించాలని శాస్త్రజ్ఞులు ఎన్నో ఏళ్లుగా చూస్తున్నారు. 2024లో వచ్చిన ఒక వార్త నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. సముద్రంలో ఉండే ఒక శైవలం కణంలో నత్రజనిని పట్టే సూక్ష్మజీవి ఏకంగా ఆ కణంలో ఒక అవయవంగా మారిపోయిందని తేలింది. దానికి నైట్రోప్లాస్ట్ అని పేరు పెట్టారు. ఒక కణం చేయగలిగింది వరి కణంతో చేయించగలమా అంటే, నా సర్వీసులో చూస్తానని అనుకోను.

ఆ రోజు లైన్లో నాకు రెండు బస్తాలు దొరికాయి, చెప్పులు మాత్రం ఒకటే దొరికింది. ఇంటికొచ్చి ఇదంతా నాయినకు చెప్పాను. వచ్చే ఏడు నాట్లకు ముందు ఎకరంలో పచ్చిరొట్టగా జీలుగ వేసి, దాని వేర్లకూ కందిలాగే బొడిపెలుంటాయి, పూతకు రాగానే కలియదున్నుదాం, ఒక బస్తా అయినా తగ్గుతుందన్నాను. నాయిన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, నీ సైన్సు కోసం గాదు, ఆ లైన్ల నిలవడలేక" అన్నాడు.

వేసవిలో జీలుగ విత్తనాల కోసం సొసైటీకి పోయాను. గేటు ముందు వరసగా చెప్పులు.