రిసెప్షన్‌లో తల్లి, ఇంట్లో పసిపాప

మూడు నెలల పాపాయిని అమ్మమ్మ ఒడిలో పెట్టి సాయంత్రం ఆరింటికి పెళ్లి రిసెప్షన్‌కు బయలుదేరిన తల్లి, తొమ్మిదిన్నర ప్రాంతంలో భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉండగా పక్క వరుసలో ఎవరి బిడ్డో ఏడుస్తుంది. ఆ ఏడుపు చెవిన పడిన కాసేపటికే ఆమె రొమ్ములు జివ్వుమంటాయి, పట్టురవిక ముందుభాగం తడుస్తుంది. పాడి ఉన్న ఇళ్లలో దీనికి చక్కని మాట ఉంది: చేపు. దూడను వదిలితే తప్ప గేదె చేపదని, దూడ చనిపోతే దాని చర్మంలో గడ్డి కుక్కి ఎదుట నిలబెట్టి పాలు పితికేవారని పాతతరం వారికి తెలుసు. తల్లి విషయంలోనూ బిడ్డ స్పర్శ, ఏడుపు, ఒక్కోసారి తలపు వస్తే చాలు, మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలో చేరి, పాలు తయారయ్యే తిత్తుల చుట్టూ ఉన్న సన్నని కండర కణాలను బిగిస్తుంది; పాలు నాళాల్లోకి ఉరుకుతాయి. అటువంటప్పుడు చేతులు కట్టుకుని మోచేతులతో రొమ్ములను కాసేపు ఛాతీకేసి అదిమి పడితే ధార నెమ్మదిస్తుంది. మిగిలిన తడిని రవికలో మడిచి పెట్టుకున్న మెత్తని నూలుగుడ్డ పీల్చుకుంటుంది.

ఈ చేపు ఎంత సున్నితమైనదో అమెరికాకు చెందిన మైకేల్ న్యూటన్, నైల్స్ న్యూటన్ దంపతులు 1948లో ప్రచురించిన ప్రయోగం చూపించింది. ఏ ఇబ్బందీ పెట్టని రోజుల్లో బిడ్డకు సగటున 168 గ్రాముల పాలు అందగా, తల్లి పాదాలను మంచునీళ్లలో పెట్టించడం, చిక్కులెక్కలు అడగడం వంటి పనులతో విసిగించిన రోజుల్లో 99 గ్రాములే అందాయి. అదే విసుగు పెడుతూ ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తే మళ్లీ 153 గ్రాములకు పెరిగాయి. అంటే పాలు లేకపోలేదు, దిగలేదంతే. ఫంక్షన్ హాలు బాత్రూములో, బయట ఎవరో తలుపు తడుతుండగా పిండితే నాలుగు చుక్కలే వచ్చాయని కంగారుపడే తల్లికి ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పాలి. పెళ్లివారినడిగి గడియ ఉన్న గది చూసుకుని, ఫోనులో పాపాయి వీడియో పెట్టుకుని కూర్చుంటే ఫలితం వేరుగా ఉంటుంది.

అసలు పిండడం ఎందుకు, ఇంటికెళ్లేదాకా ఆగితే పోదా అనే ప్రశ్నకు జవాబు మేకల దగ్గర దొరికింది. స్కాట్లాండ్‌లోని హన్నా పరిశోధన సంస్థలో 1980లలో జరిగిన పరిశోధనల్లో, మేక పొదుగులో ఒక పక్కను మాత్రమే అదనంగా పితికితే ఆ పక్కనే ఉత్పత్తి పెరిగింది. హార్మోన్లు రెండు పక్కలకూ సమానంగానే చేరతాయి కాబట్టి, నిలవ ఉన్న పాలే కొత్త పాల తయారీని తగ్గిస్తున్నాయని తేలింది. ఒక్క సాయంత్రం ఒక పూట తప్పినంత మాత్రాన పాలు ఇంకిపోవు. రోజూ తప్పితే తగ్గుతాయి. అయితే నాలుగైదు గంటలు నిండుగా ఉంచితే నొప్పి పెడుతుంది, గడ్డలు కట్టవచ్చు. బరువు తీరేవరకు పిండితే చాలు. చనుమొనకు దాదాపు మూడు సెంటీమీటర్ల వెనక బొటనవేలు పైన, మిగతా వేళ్లు కింద ఉంచి, ముందు ఛాతీ వైపుకు నొక్కి, తర్వాత వేళ్లను దగ్గరకు తేవాలి. చర్మం మీద వేళ్లు జార్చకూడదు, చనుమొనను లాగకూడదు.

ఇంట్లో ఎన్ని పాలు ఉంచాలి? ఒకటి నుంచి ఆరు నెలల మధ్య, తల్లిపాలే తాగే బిడ్డ రోజుకు సగటున 750 నుంచి 800 మిల్లీలీటర్లు తాగుతుంది. గంటకు ముప్పై చొప్పున వేసుకుంటే నాలుగు గంటలకు 120. ఆలస్యం అవుతుందనుకుంటే (మన పెళ్లిళ్లలో అవుతుంది) మరో అరవై. ముందు రెండు మూడు రోజులు ఉదయం పాలిచ్చాక కొద్దికొద్దిగా పిండి, మరిగించిన మూత సీసాల్లో ఫ్రిజ్ లోపలి భాగంలో పెడితే నాలుగు రోజులు ఉంటాయి. తలుపు అరలో పెట్టకూడదు. బయట 25 డిగ్రీల లోపు వేడిలో నాలుగు గంటలు ఆగుతాయంటారు గానీ మే నెల విజయవాడలో ఆ లెక్క పనికిరాదు.

పైన మీగడ తేలితే విరిగినట్టు కాదు, సీసాను మెల్లగా తిప్పితే కలిసిపోతుంది. వేడినీళ్ల గిన్నెలో సీసా ఉంచి చలి విరగనివ్వాలి. మైక్రోవేవ్‌లో పాలు అక్కడక్కడ సలసల కాగి నోరు కాలుస్తాయి. తాగించడానికి మన ఉగ్గుగిన్నె ఉండనే ఉంది. పాపాయిని నిటారుగా కూర్చోబెట్టుకుని, పాలు నోట్లో పొయ్యకుండా పెదవికి తగిలించి, తనే జుర్రుకునేలా పట్టాలి. ఎంగిలైన పాలను రెండు గంటల్లోగా వాడాలి, లేదా పారబోయాలి.

తిరిగి వచ్చిన తల్లితో కొన్ని ఇళ్లలో పెద్దవాళ్లు, బయట తిరిగొచ్చావు, పాలు వేడిచేసి ఉంటాయి, మొదటివి పిండి పారబొయ్యి అంటారు. రొమ్ములోని పాలు ఎప్పుడూ ఒంటి వేడిలోనే ఉంటాయి, పులవవు, చెడవు, పారబొయ్యనక్కర్లేదు. కానీ నిండుగా ఉన్నందువల్ల మొదటి ధార జోరుగా వచ్చి పాపాయికి పొలమారవచ్చు. పట్టుచీర మార్చుకుని, దిండుకు వెనక్కి చేరగిలబడి పాపాయిని గుండెల మీద పడుకోబెట్టుకుంటే, పాలు పైకి ఎక్కాల్సి వచ్చి ధార తనంతట తానే నెమ్మదిస్తుంది.