చప్పుడు లేని ఇంటి కంప్యూటర్: అపోహలు - వాస్తవాలు

నాకు వాట్సాప్‌లో వచ్చే కొటేషన్ ఫొటోలు చాలావరకు ఒకేలా ఉంటాయి. పైన ప్రాసెసర్, కింద క్యాబినెట్, మధ్యలో ఎక్కడో "గ్రాఫిక్స్ కార్డు 4 జీబీ" (స్క్రీన్ మీద బొమ్మ చూపించే విడి కార్డు) అని ఒక లైను. దాని కింద మెసేజ్: "అన్నా, ఇంట్లో వాడుకోవడానికే. రాత్రిళ్లు పని చేసుకోవాలి, సౌండ్ రావొద్దు. బడ్జెట్ దాటొద్దు. ఇది ఓకేనా?" పంపేవాళ్లలో ఇంటర్ పిల్లల తల్లిదండ్రులుంటారు, ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్లుంటారు, రిటైరయ్యాక పాఠాలు రికార్డు చేసుకునే మేష్టార్లుంటారు. మధ్యలో ఉన్న ఆ ఒక్క లైను కొట్టేయండి, డబ్బూ మిగులుతుంది, చప్పుడూ తగ్గుతుంది అని చెబితే ఒక పట్టాన నమ్మరు. "షాపాయన తప్పకుండా వేయాలన్నాడే" అంటారు. సిస్టమ్‌లు అసెంబుల్ చేసేవాడిగా నాకు రోజూ ఎదురయ్యే మాట ఇదే కాబట్టి ముందు దీని సంగతే చూద్దాం.

అపోహ: "గ్రాఫిక్స్ కార్డు లేకపోతే వీడియోలు ఆగి ఆగి వస్తాయి, సిస్టమ్ స్లో అవుతుంది"

పదిహేనేళ్ల కిందట ఈ మాటకు కొంత అర్థం ఉండేది. ఇప్పుడు లేదు. 2022 జనవరిలో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ3-12100 ప్రాసెసర్‌లోనే బొమ్మ చూపించే పని చేసే యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్ ఉంది. 2021 నాటి ఏఎండీ రైజెన్ 5 5600జీలో వేగా గ్రాఫిక్స్ ఉంది. యూట్యూబ్, ఆన్‌లైన్ క్లాసులు, ఎక్సెల్, ట్యాలీ, జూమ్, కోడింగ్, ఫొటోషాప్‌లో మామూలు పని, రెండు మానిటర్లు... వీటన్నిటికీ అదే ఎక్కువ. 5600జీ మీద వాలరెంట్ లాంటి తేలిక గేములు కూడా ఆడుకోవచ్చు.

ఆ కొటేషన్‌లో రాసే 4 జీబీ కార్డు ఏమిటని అడిగి చూడండి. చాలాసార్లు జీటీ 730 అని చెబుతారు, ఇంకా చవకదైతే జీటీ 710. జీటీ 730 వచ్చింది 2014లో. మార్కెట్లో ఎక్కువగా కనిపించే రకంలో 64 బిట్ డీడీఆర్3 మెమరీ ఉంటుంది. అది సెకనుకు సుమారు 14 జీబీ డేటా అందిస్తుంది, అంతే. అదే మీ మదర్‌బోర్డు మీద డీడీఆర్4 3200 ర్యామ్ రెండు స్టిక్కులు వేస్తే ప్రాసెసర్, దాంట్లోని గ్రాఫిక్స్ కలిసి వాడుకునేది సెకనుకు 51 జీబీ. డబ్బా మీద పెద్దక్షరాలతో వేసిన 4 జీబీ ఆ మెమరీ ఎంత ఉందో చెబుతుంది, ఎంత వేగమో చెప్పదు. అంత మెమరీ నిండేంత బరువైన పని ఆ చిప్పు ఎలాగూ చేయలేదు.

వీడియోల సంగతి ఇంకా అన్యాయం. యూట్యూబ్‌లో విరివిగా వచ్చే వీపీ9, ఫోన్లు తీసే హెచ్‌ఈవీసీ, కొత్తగా వస్తున్న ఏవీ1... ఈ మూడు వీడియో ఫార్మాట్లనూ ఐ3-12100లోని గ్రాఫిక్స్ నేరుగా డీకోడ్ చేస్తుంది, అంటే విప్పి బొమ్మగా మారుస్తుంది. ఆ పాత కార్డులకు ఇందులో ఒక్కటీ రాదు. మానిటర్ కేబుల్ తీసుకెళ్లి కార్డుకు తగిలించారంటే ఆ పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. ప్రాసెసర్ వేడెక్కుతుంది, దాని ఫ్యాన్ లేస్తుంది. పైగా జీటీ 710 పుట్టిన కెప్లర్ తరం కార్డులకు వాటి కంపెనీ ఎన్విడియా 2021లోనే కొత్త గేమ్ రెడీ డ్రైవర్లు (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) ఆపేసింది, భద్రతా ప్యాచుల గడువు కూడా 2024 సెప్టెంబరుతో ముగిసింది. దీనికి నాలుగైదు వేలు పెట్టిస్తున్నారు. ఆ డబ్బుతో మంచి ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్ మొత్తానికి కరెంటు అందించే పెట్టె) వస్తుంది.

చప్పుడు ఎక్కడినుంచి వస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. లెక్కల పాఠాలు ఆన్‌లైన్‌లో చెప్పే ఒక మేడం, కొత్త సిస్టమ్ కొన్న ఏడాదికే క్లాసులో పిల్లలు "మేడం, ఏదో కూత వస్తోంది" అంటున్నారని కంగారుపడుతూ వచ్చారు. కొన్నచోట అడిగితే ముందు సీపీయూ ఫ్యాన్ మార్చారట, తగ్గకపోతే లిక్విడ్ కూలర్ (ద్రవంతో ప్రాసెసర్‌ను చల్లబరిచేది) వేయించుకోమన్నారట. "మొత్తం సిస్టమే తేడానా తమ్ముడూ? మళ్లీ అంత డబ్బు పెట్టలేను" అన్నారు. పక్క డోరు తీసి సిస్టమ్ ఆన్ చేశాను. ఒక్కో ఫ్యాన్ మధ్య బిళ్ల మీద వేలితో మెల్లగా నొక్కి రెండు క్షణాలు ఆపి వినడం మా పద్ధతి (రెక్కల మీద వేలు పెట్టకూడదు). సీపీయూ ఫ్యాన్ ఆపితే కూత అలాగే ఉంది. వెనక ఫ్యాన్ ఆపినా ఉంది. గ్రాఫిక్స్ కార్డు మీదున్న అగ్గిపెట్టంత ఫ్యాన్ ఆపగానే గదిలో సీలింగ్ ఫ్యాన్ గాలి మాత్రమే వినిపించింది. మేడం నా మొహం చూసి, "ఇదా?" అన్నారు. ఆ చిన్న ఫ్యాన్‌కు రెండే వైర్లు. ఆ కార్డులో దాని వేగం తగ్గించే ఏర్పాటు లేదు, పవర్ ఉన్నంతసేపూ ఫుల్ స్పీడే. దుమ్ము చేరి బేరింగ్ ఎండిపోతే అలా కూస్తుంది.

కార్డు పీకేస్తే సరిపోవాలి కదా. పీకితే స్క్రీనే రాలేదు. ఎందుకంటే ఆ సిస్టమ్‌లో వేసింది ఐ3-12100ఎఫ్.

ఈ ఎఫ్ అక్షరం దగ్గరే జనం ఎక్కువ మోసపోతున్నారు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. మామూలు దానికంటే రెండు వేల దాకా తక్కువకు వస్తుంది కాబట్టి కొటేషన్‌లో ధర తక్కువ కనిపిస్తుంది. ఆ తర్వాత డిస్‌ప్లే రావాలంటే కార్డు తప్పదు, అప్పుడు "కార్డు కంపల్సరీ సార్" అనే మాట నిజమైపోతుంది. బోర్డు వెనక హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటుంది, కేబుల్ పెడితే నల్ల స్క్రీను. బోర్డు పోయిందేమోనని భయపడి నాకు ఫోన్ చేసినవాళ్లున్నారు. బోర్డు బాగానే ఉంది, ఆ పోర్టుకు బొమ్మ పంపేది లోపల లేదు, అంతే. ఏఎండీలో ఇంకో రకం తిరకాసు. పాత తరం ఏఎం4 బోర్డులకైతే పేరు చివర జీ గానీ జీటీ గానీ ఉన్నదే తీసుకోవాలి. రైజెన్ 5 5500లో, 5600లో గ్రాఫిక్స్ లేదు. దాని తర్వాతి తరం ఏఎం5లో 7600 లాంటి వాటికి చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది, 7500ఎఫ్, 8400ఎఫ్‌లకు ఉండదు. బిల్లు వేయించే ముందు పేరు చివరి అక్షరం వరకు చదవండి.

మేడం సిస్టమ్‌లో ఆ ఎఫ్ ప్రాసెసర్‌ను సెకండ్ హ్యాండ్‌లో అమ్మి మామూలు ఐ3-12100 వేశాం. కొంత నష్టం ఆమెకు తప్పలేదు, లిక్విడ్ కూలర్ ఖర్చుతో చూస్తే అది చాలా తక్కువ. రికార్డింగుల్లో గొంతు వెనక ఆ కూత పోయింది.

"రేపు పిల్లాడికి బీటెక్‌లో కావాలంటే?" అని అడిగే తల్లిదండ్రుల ఆందోళన నాకు అర్థమవుతుంది. ఒకసారే కొనగలం, తప్పు కొనకూడదు అన్న భయం అది. బోర్డు మీద కార్డు స్లాటు ఖాళీగానే ఉంటుంది. నిజంగా అవసరం వచ్చిన రోజు, ఆ రోజుకు తగిన కార్డు కొని పెట్టుకోవచ్చు. బ్లెండర్ (త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్), పెద్ద వీడియో ఎడిటింగ్, మెషీన్ లెర్నింగ్, పెద్ద గేములు... వీటికి కార్డు కావాలి, నేనే వేయమంటాను. అప్పుడు రెండు పెద్ద ఫ్యాన్లుండి, తేలిక పని మీద ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోయే రకం చూడండి. చాలా కొత్త కార్డుల్లో ఈ సౌకర్యం ఉంది. ఎటూకాని ఆ నాలుగు వేల కార్డు మాత్రం దేనికీ పనికిరాదు.

అపోహ: "క్యాబినెట్‌తో పాటు ఎస్‌ఎంపీఎస్ ఫ్రీగా వస్తోంది, 450 వాట్స్ అని రాసుంది, చాలు"

దాన్ని తిప్పి లేబుల్ చదవండి. +12వీ అనే గడి కింద ఎన్ని ఆంపియర్లో ఉంటుంది. దాన్ని పన్నెండుతో గుణించండి. 14ఏ అని ఉంటే 168 వాట్లు. ప్రాసెసర్, కార్డు, ఫ్యాన్లు అన్నీ బతికేది ఈ 12 వోల్టుల లైను మీదే. పైన వేసిన 450తో మీకు పనిలేదు. ఇలాంటి చవక వాటిలో చిన్న 80 ఎంఎం ఫ్యాన్ ఉంటుంది, అది గట్టిగా తిరిగితేగానీ వేడి పోదు. ఆ ఎస్‌ఎంపీఎస్ పాడైపోయేటప్పుడు ఒక్కోసారి బోర్డునీ హార్డ్ డిస్కునీ తనతో తీసుకుపోతుంది. పెళ్లి ఫొటోలు, పిల్లల ఫొటోలు పోగొట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లను చూశాను. పొదుపు ఎక్కడైనా చేయండి, ఇక్కడ వద్దు.

అలాగని భయంతో 750 వాట్లు కొననక్కర్లేదు. లెక్క చూడండి: 5600జీ ప్రాసెసర్ గరిష్ఠంగా లాగేది 88 వాట్లు. బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు కలిపి ఇంకో నలభై వేసుకోండి. 130 దాటదు. పేరున్న కంపెనీ 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్, 120 ఎంఎం ఫ్యాన్ ఉన్నది, బ్రహ్మాండంగా సరిపోతుంది. మూడోవంతు లోడు మీద దాని ఫ్యాన్ తిరుగుతోందో లేదో కూడా తెలియదు. ముందు ముందు మంచి కార్డు పెట్టే ఆలోచన ఉంటే 550 తీసుకోండి. మన ఇళ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది మహా అయితే 360 వాట్లు, కాబట్టి కార్డు లేని సిస్టమ్‌కు కరెంటు పోయినప్పుడు ఎక్కువసేపు బ్యాకప్ కూడా దొరుకుతుంది.

80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అన్నవి కరెంటు ఎంత వృథా అవుతుందో చెప్పే ముద్రలు. చప్పుడు గురించి అవి ఏమీ చెప్పవు. చప్పుడుకు విడిగా సైబెనెటిక్స్ అనే పరీక్షల సంస్థ ఇచ్చే లాంబ్డా రేటింగ్ ఉంది, మోడల్ పేరు కొట్టి చూసుకోవచ్చు.

అపోహ: "ఫ్యాన్లు ఎన్ని ఎక్కువుంటే అంత గోల", "సైలెంట్ అంటే లిక్విడ్ కూలరే"

గోల ఫ్యాన్ల సంఖ్య వల్ల కంటే వేగం వల్ల వస్తుంది. ఒకే వేగంతో తిరిగే రెండో ఫ్యాన్ చేరిస్తే పెరిగేది 3 డెసిబెల్స్. ఒక్క ఫ్యాన్ వేగమే రెట్టింపు చేస్తే సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. 10 డెసిబెల్స్ పెరిగితే మన చెవికి దాదాపు రెండింతలు వినిపిస్తుంది. అందుకే మెల్లగా తిరిగే పెద్ద ఫ్యాన్లు, ముందు ఒకటి వెనక ఒకటి, వేగంగా తిరిగే ఒక్కదానికంటే నయం.

రంగు లైట్ల చవక క్యాబినెట్లలో ముందే బిగించి వచ్చే ఫ్యాన్ల వైర్లు చూడండి. తెల్లటి వెడల్పాటి మోలెక్స్ కనెక్టరుతో నేరుగా ఎస్‌ఎంపీఎస్‌కు తగిలించేవైతే వాటి వేగాన్ని బోర్డు తగ్గించలేదు. బోర్డుకు తగిలే మూడు పిన్నులవో నాలుగు పిన్నులవో కావాలి. ముందు భాగం మొత్తం గాజు పలకతో మూసేసిన క్యాబినెట్ అందంగా ఉంటుంది, గాలి మాత్రం ఆడదు. జాలీ ఉన్నది తీసుకోండి, దుమ్ము ఫిల్టరు ఉంటే మరీ మంచిది. మన ఊళ్ల దుమ్ముకు నెలకోసారి దాన్ని దులపాలి.

లిక్విడ్ కూలర్‌లోనూ రేడియేటర్ మీద ఫ్యాన్లుంటాయి, వాటికి తోడు పంపు చప్పుడు. ఇలాంటి ప్రాసెసర్లకు అది దండగ. డబ్బాలో వచ్చే కూలర్ చప్పుడు ఇబ్బంది పెడితే, 120 ఎంఎం ఫ్యాన్ ఉన్న ఒక టవర్ కూలర్ రెండు వేలకు అటూ ఇటూ దొరుకుతుంది. దాన్ని మించి అక్కర్లేదు.

మిగతావి త్వరగా. "టెంపరేచర్ 75 చూపిస్తోంది, కాలిపోతుందా?" కాలిపోదు. మే నెలలో గదే 37 డిగ్రీలు ఉన్నప్పుడు పని మీద ప్రాసెసర్ 75 ఉండటం మామూలే. 5600జీకి హద్దు 95, ఐ3-12100కు 100. ఆ హద్దు తగిలితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. "16 జీబీ ఒకే స్టిక్ అయినా ఒకటే కదా?" కాదు, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ వాడేది ర్యామ్‌నే కాబట్టి 8 జీబీవి రెండు వేయండి. "పాత హార్డ్ డిస్క్ పెట్టేయొచ్చా?" పెట్టొచ్చు, కానీ 7200 వేగంతో తిరిగే డిస్కు అదురు క్యాబినెట్ రేకుకు పాకి రాత్రిపూట గుయ్యిమంటుంది. విండోస్ ఎస్ఎస్‌డీలో వేసి, పాత డిస్కును యూఎస్‌బీ కేసులో పెట్టి అవసరమైనప్పుడే తగిలించండి.

అన్నీ సరిగా కొన్నాక కూడా ఫ్యాన్ మాటిమాటికీ లేచి పడుతుంటే పార్టులు మార్చకండి. ప్రాసెసర్ వేడి క్షణాల్లో పైకీ కిందికీ పోతుంటుంది, బోర్డు కంపెనీ సెట్టింగులో ఫ్యాన్ దాని వెంటే పరుగెడుతుంది. బయోస్‌లోకి (బోర్డు సొంత సెట్టింగుల మెనూ) వెళ్లి ఫ్యాన్ కంట్రోల్ తెరవండి. 60 డిగ్రీల దాకా ఒకే తక్కువ వేగం, 60 నుంచి 80 వరకు మెల్లగా పెంపు, 85 దగ్గర ఫుల్ పెట్టండి. స్టెప్ అప్ టైమ్ అనో డిలే అనో ఉంటే నాలుగైదు సెకన్లకు మార్చండి. సేవ్ చేసి, ఒక అరగంట వీడియో నడిపి, పక్కన కూర్చుని వినండి. ఇంకా వినిపిస్తే ఆ తక్కువ వేగాన్ని మరో పది శాతం దించి మళ్లీ చూడండి.